బండి మీద అడిగిన ప్రశ్న

దేవరకొండ నుంచి కొండమల్లేపల్లికి బండి మీద వస్తున్నాం. వెనక కూర్చున్న మా పాప నా చెవి దగ్గరికి వంగి అడిగింది: "నాయినా, అవ్వ బతకాలని మనమందరం ప్రార్థన చేసినం కదా. మరెందుకు చనిపోయింది?"

"ప్రభువు చిత్తం బిడ్డా" అన్నాను. ఎదురుగా లారీ వస్తోంది, అది నాకు బాగా కలిసొచ్చింది. పాప మళ్లీ మాట్లాడలేదు.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో బైబిల్లోని ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయం వంతు వచ్చింది. సండే స్కూల్లో కంఠతా పట్టిన వాక్యమే, దేవుని ఆజ్ఞల గురించి. "నీ యింట కూర్చుండునప్పుడును త్రోవను నడుచునప్పుడును పండుకొనునప్పుడును లేచునప్పుడును వాటినిగూర్చి మాటలాడవలెను." త్రోవ అన్న మాట దగ్గర నా గొంతు ఆగింది. పొద్దున త్రోవలోనే కదా నేను మాట దాటేసింది!

దానికి ముందు "నీ కుమారులకు వాటిని అభ్యసింపజేసి" అని ఉంటుంది. అక్కడి హీబ్రూ మాటకు పదును పెట్టడమనే అర్థం ఉంది, కొడవలిని రాతి మీద నూరినట్టు. మనకు నూరిపోయడమైతే బాగా వచ్చు. వాక్యం అప్పజెప్పమంటాం, తప్పు పోతే కసురుతాం, క్రిస్మస్‌కి బహుమతి వస్తే స్టేటస్ పెట్టుకుంటాం. నూరడం వేరే పని. ఒక్క రుద్దుకు పదును రాదు, అటూ ఇటూ ఎన్నోసార్లు పోవాలి. పైగా కొడవలితో పాటు రాయీ అరుగుతుంది. పిల్లల ప్రశ్న తగిలితే నా విశ్వాసం ఎక్కడ అరిగిపోతుందోనని నాకు టెన్షన్. లారీని చూసి ఊపిరి పీల్చుకున్నది అందుకే.

మా వైపు అవ్వ అంటే అమ్మ కూడా. నేనూ అవ్వ అనే పిలిచేవాణ్ణి, పాపా అలాగే పిలిచేది. బైబిల్లో పౌలు తన శిష్యుడు తిమోతికి రాస్తూ అవ్వ లోయిని, తల్లి యునీకేను వేరు వేరుగా చెప్పాడు గానీ మా ఇంట్లో ఇద్దరికీ ఒకటే పిలుపు. 1889లో మిషనరీలైన ఫ్రీసెన్ దంపతులు రష్యా సామ్రాజ్యం నుంచి బయలుదేరి వచ్చి నల్లగొండలో మెన్నొనైట్ బ్రెదరెన్ అనే క్రైస్తవ సంఘం పనికి పునాది వేశారని చరిత్ర. నా దాకా మాత్రం సువార్త పత్తి చేలోంచే వచ్చింది. అవ్వకు చదువు రాదు. పత్తి ఏరుతూ యోసేపు కథ చెప్పేది. అన్నలు గుంటలో పడేసిన చోట ఆపి, "నువ్వైతే వాళ్లను క్షమిస్తవా?" అని అడిగేది. "చెయ్య" అనేవాణ్ణి. కోప్పడేది కాదు. "నాక్కూడా కష్టమేరా" అని ఇంకో సాలు పట్టేది.

ఇశ్రాయేలీయులు యొర్దాను నది దాటాక గిల్గాలులో 12 రాళ్లు నిలబెట్టింది కూడా పిల్లలు "ఈ రాళ్లెందుకు" అని అడుగుతారనే. మా ఇంట్లో ఆ రాళ్లకు బదులు అవ్వ పిడికెడు బియ్యం డబ్బా ఉంది, వండేముందు దేవుని కోసం ఓ పిడికెడు తీసి వేసే డబ్బా.

మర్నాడు బడికి దింపేటప్పుడు నేనే మాటెత్తాను. "నిన్న నీకు సరిగ్గ చెప్పలే. అవ్వ ఎందుకు పోయిందో నాకూ తెల్వదు. నేనూ దేవుణ్ణి అడిగిన, కోపంగనే అడిగిన."

"దేవుణ్ణి కోపంగ అడగొచ్చా?"

"ఎన్నాళ్లు నన్ను మరిచిపోతవని 13వ కీర్తనల దావీదు అడగలేదా?"

గేటు దాకా ఆలోచించింది. "మరి నీకు ఏం జవాబిచ్చిండు నాయినా?"

బెల్లు కొట్టారు. సాయంత్రం ఆ ప్రశ్నతోనే బండెక్కుతుంది.