చందా పుస్తకంలో పెదనాన్న వరస

పెదనాన్న పోయి రెండేళ్ళు దాటింది గానీ ఆ చర్చి చందా పుస్తకం మాత్రం ఇంకా కళ్ళముందే ఉంది. పొడుగాటి రిజిస్టరు, ఎర్ర అట్ట, ఇంటికో వరస, వరసకి పన్నెండు గడులు, కట్టిన నెలకి ఒక టిక్కు. పెదనాన్న వరసలో టిక్కులు లేవు, పదకొండేళ్ళుగా లేవు. అక్కడ ఇంటిముందు టెంటు కింద ఆయన ఐస్ బాక్సులో ఉన్నాడు, ఇక్కడ మేము ట్రెజరర్ గారి వరండాలో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం, ఆయనేమో ఫోన్లో క్యాలిక్యులేటర్ తెరిచి నెలకింత చొప్పున కొట్టుకుంటూ పోతున్నాడు. బాకీ తీరితేనే సమాధుల తోటలో చోటు, అది రూలంట. పక్కనున్న ఇంకో పెద్దాయన ఊరుకోకుండా "ఆయన గుళ్ళో ప్రభురాత్రి భోజనం బల్లకొచ్చి ఎన్నేళ్ళయిందో, మనిషి ఎలాంటివాడో మీకు తెలీందేముంది" అని ఒక ముక్క అందించాడు.

ఏ ఊరో ఏ సంఘమో చెప్పను. ఆ ట్రెజరర్ గారిని తిట్టడానికి కూడా రాయట్లేదు ఇది. తోటకి గోడ కట్టాలి, కాపలా మనిషికి జీతం ఇవ్వాలి, నెలనెలా కట్టేవాళ్ళు కడుతుంటే కట్టనివాళ్ళకీ అదే చోటు ఇస్తే రేపు ఎవరు కడతారు? నేనూ లెక్కలు రాసుకుని బతికేవాడినే, గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టులో పద్దులు రాస్తా, ఆయన బాధ నాకు అర్థం కాకపోదు.

మా నాన్న అంతసేపూ ఏం మాట్లాడలేదు. ఆ ముక్క విన్నాక జేబులోంచి డబ్బులు తీసి బల్లమీద పెట్టి "మా అన్నది నా లెక్కలో రాసుకోండి సార్" అన్నాడు. అంతే. కోపంగా కూడా అనలేదు. రసీదు పెదనాన్న పేరు మీదే ఇచ్చారు, మధ్యాహ్నం మూడింటికి భూస్థాపన అయిపోయింది.

ఆ రాత్రి నిద్ర పట్టక ఫిలేమోను పత్రిక తీశా, బైబిల్లో పౌలు రాసిన ఒక ఉత్తరం, ఒక్కటే అధ్యాయం, పది నిమిషాల్లో అయిపోతుంది. పారిపోయిన దాసుడు ఒనేసిముని పౌలు వాళ్ళ యజమాని దగ్గరికే తిరిగి పంపుతూ, నీకేమన్నా ఋణపడి ఉంటే "అది నా లెక్కలో చేర్చుము" అని రాస్తాడు. మా నాన్న ఆ వాక్యం గుర్తొచ్చి అన్నాడో మామూలుగా అన్నాడో నేను ఇప్పటిదాకా అడగలేదు. కానీ చిన్నప్పట్నుంచీ కంఠతా పట్టిన సిద్ధాంతం ఒకటి ఉంది చూడండి, విశ్వాసమూలముగా నీతిమంతులుగా తీర్చబడుట, అంటే మనం చేసినవాటి లెక్కతో కాక నమ్మకంతోనే దేవుడి ముందు నీతిమంతులం అవడం, అది నాకు నలభై రెండేళ్ళకి ఆ వరండాలో బోధపడింది.

మాది లూథరన్ కుటుంబం. గుంటూరులో లూథరన్ అంటే పెద్ద విశేషమేం కాదు, 1842 జులై 31న మిషనరీ హయ్యర్ గారు ఈ ఊళ్ళో దిగినప్పట్నుంచీ ఉన్న సంగతే, ఏసీ కాలేజీ, కుగ్లర్ హాస్పిటల్ అన్నీ ఆ వేరు నుంచి వచ్చినవే. ప్రతి అక్టోబర్ చివరి ఆదివారం సంస్కరణ పండగ, 1517, జర్మనీలో విట్టెన్‌బర్గ్, పాపపరిహార పత్రాల అమ్మకం మీద మార్టిన్ లూథర్ రాసిన తొంభై ఐదు వాదాలు, ఇవన్నీ అయ్యగారు చెప్తుంటే మేము వెనక బెంచీల్లో కూర్చుని బిరియానీ గురించి ఆలోచించేవాళ్ళం. కన్ఫర్మేషన్ క్లాసులో రోమా పత్రిక 5:1 గడగడా చెప్పినందుకు నాకు పెన్ను కూడా ఇచ్చారు. చెప్పడం అయితే చెప్పాను గానీ లోపల మాత్రం నేను నమ్మింది వేరే, దేవుడి దగ్గర కూడా ఒక ఎర్ర అట్ట రిజిస్టరు ఉందని. ప్రార్థన చేసిన రోజు టిక్కు, చేయని రోజు ఖాళీ. శ్రమల కాలం నలభై రోజులూ మాంసం మానేస్తే కొన్ని పాత గడులు కూడా పూడతాయని. నవ్వకండి, మీలో చాలామంది లెక్క కూడా ఇదే అని నాకు తెలుసు.

అసలు పౌలు ఈ మాట చెప్పింది కూడా లెక్కల భాషలోనే. రోమా నాలుగో అధ్యాయం చదివితే మా కొట్లో కూర్చున్నట్టే ఉంటుంది. పని చేసేవాడికి ఇచ్చేది జీతం, అది బాకీ కింద లెక్క, దానం కాదు. అబ్రాహాము యెహోవాని నమ్మాడు, "ఆయన అది అతనికి నీతిగా ఎంచెను" అని ఆదికాండం 15లో ఉంది, పౌలు ఆ "ఎంచెను" అన్న ఒక్క మాట పట్టుకుని అధ్యాయమంతా లాగుతాడు. ఎంచడం అంటే లెక్క కట్టడం, ఖాతాలో వేయడం. అబ్రాహాముకి అప్పటికి సున్నతి లేదు, ధర్మశాస్త్రం అయితే ఇంకా కొన్ని వందల ఏళ్ళ తర్వాత గానీ రాదు, అంటే చూపించడానికి ఒక్క టిక్కు లేదు, అయినా ఖాతాలో నీతి జమ అయింది.

ఇక్కడ మా వదిన గురించి చెప్పాలి. వదినది విజయవాడ గుణదల, పక్కా ఆర్సీఎం, అంటే రోమన్ కాథలిక్, వాళ్ళమ్మ కొండ కింద కొబ్బరికాయలు అమ్మేది. మా అన్నయ్యని చేసుకున్నాక మా గుడికి వస్తుంది గానీ మాటొస్తే మాత్రం వదలదు. పెదనాన్న సంవత్సరీకం భోజనాల దగ్గర నేను ఉత్సాహం ఆపుకోలేక ఈ లెక్కల సంగతంతా చెప్పా. వదిన పప్పు వడ్డిస్తూ "ఏం మరిదిగారూ, మీ లూథర్ బైబిల్లో లేని మాట కలిపాడంట కదా" అంది.

నిజమే, కలిపాడు. 1522లో కొత్త నిబంధన జర్మన్‌లోకి తెచ్చినప్పుడు రోమా 3:28లో "మాత్రమే" అని పెట్టాడు, గ్రీకులో ఆ మాట లేదు. అడిగితే 1530లో ఒక బహిరంగ లేఖ రాసి, ఇది కాదు అదే అని చెప్పేటప్పుడు జర్మన్ మనుషులు ఆ మాట వాడతారు, నేను జర్మన్‌లో రాస్తున్నా, లాటిన్‌లో కాదు అని గట్టిగానే సమాధానం ఇచ్చాడు. నేను అప్పటికప్పుడు ఫోన్లో తెలుగు బైబిల్ తీసి చూపించా, "విశ్వాసమువలననే" అని ఉంది. ఆ చివర "నే" చూశారా? మన తెలుగులో "మాత్రమే" అని వేరే మాట అక్కర్లేదు, ఒక్క ఏత్వంతో పనైపోతుంది. లూథర్ తెలుగువాడై పుట్టుంటే సగం గొడవ తప్పేది అన్నా. వదిన తగ్గలేదు, "మరి యాకోబు?" అంది.

యాకోబు 2:24. మనిషి విశ్వాసమూలమున మాత్రము కాక క్రియల మూలమునను నీతిమంతుడని యెంచబడును. నీతిమంతుడవడం గురించి మాట్లాడేచోట బైబిల్ మొత్తం మీద విశ్వాసం పక్కన "మాత్రమే" అన్న మాట వచ్చింది ఇక్కడొక్కచోటే, అదీ "కాదు" అనడానికి వచ్చింది! లూథర్‌కి ఈ పత్రిక మింగుడుపడలేదు, గడ్డి పత్రిక అన్నాడు ముందుమాటలో. నాకైతే ఆయన అక్కడ తొందరపడ్డాడనిపిస్తుంది. యాకోబు మాట్లాడేది దయ్యాలు కూడా నమ్ముతాయే ఆ నమ్మకం గురించి, బట్టల్లేనివాడికి "వెచ్చగా ఉండు పో" అని చెప్పి పంపించేసే మనిషి గురించి. ఆ లూథరే రోమా పత్రిక ముందుమాటలో, విశ్వాసం ఊరికే కూర్చునేది కాదు, నిప్పు నుంచి వేడినీ వెలుగునీ విడదీయలేనట్టే దాన్నుంచి క్రియల్ని విడదీయలేం అని రాశాడు. 1738లో లండన్‌లో ఎవరో ఆ ముందుమాట చదువుతుంటే వింటూ కూర్చున్న జాన్ వెస్లీకి, మెథడిస్టుల మూలపురుషుడికి, గుండె వింతగా వెచ్చబడిందంటే ఊరికే కాదు.

అసలు తగువు "తీర్చబడుట" దగ్గర ఉంది, ఇది నాకు ఈమధ్యే తట్టింది. తెలుగులో తీర్చడం అంటే ఎన్ని ఉన్నాయో చూడండి. తగువు తీరుస్తాం, అందులోంచే తీర్పు వచ్చింది, అంటే జడ్జి పైనుంచి చెప్పేది. పిల్లాడిని తీర్చిదిద్దుతాం, అంటే మనిషినే మార్చడం. ఇంక అప్పు తీరుస్తాం. పౌలు వాడిన గ్రీకు మాట కోర్టు వాసన ఉన్న మాట, నీతిమంతుడని తీర్పు చెప్పడం. అది లాటిన్‌లోకి వెళ్ళేసరికి నీతిమంతుడిగా చేయడం అన్న అర్థం వచ్చి కూర్చుంది, పాతకాలపు బిషప్ ఆగస్టీన్ అలాగే చదివాడు, ఆయన తర్వాత వెయ్యేళ్ళు అందరూ అలాగే చదివారు. లూథర్ పక్షం తీర్పు అంటుంది, రోమ్ పక్షం తీర్చిదిద్దడం అంటుంది, 1547 జనవరిలో కాథలిక్కుల ట్రెంట్ మహాసభ ఇది పాపక్షమాపణ ఒక్కటే కాదు, లోపలి మనిషి కొత్తగా అవడం కూడా అని తేల్చి, కాదన్నవాళ్ళని శపించింది కూడా. మన బైబిల్ తర్జుమా చేసినవాళ్ళు ఆ రెండూ పట్టే మాటే వేశారు, తెలిసి వేశారో తెలియక వేశారో గానీ. మూడోది, అప్పు తీర్చడం, మా నాన్న వంతు.

వదిన చేసిన వాదనలో గట్టిది ఒకటుంది, దాన్ని దాటేసి రాస్తే మోసం అవుతుంది. "మీ యార్డులో తాలు కాయల్ని తేజా రకం అని బిల్లు రాస్తారా?" అంది. రాయం. రాస్తే లైసెన్సు పోతుంది. తాలు అంటే తెలుసుగా, రంగుపోయి తెల్లబడిన కాయ, టిక్కీ, అంటే మిర్చి బస్తా, కోసి చేతిలో వేసుకుంటేనే తెలిసిపోతుంది, రేటు ఎక్కడో కింద ఉంటుంది. మరి దేవుడు పాపిని పట్టుకుని నీతిమంతుడని ఎలా అంటాడు, అది దొంగ బిల్లు కదా? రోమా 4:5 చూస్తే సర్దిచెప్పేది కూడా ఏం లేదు, "భక్తిహీనుని నీతిమంతునిగా తీర్చువాడు" అని నేరుగానే ఉంది. మంచివాడిని కూడా కాదు, భక్తిహీనుడిని.

నా దగ్గర పూర్తి జవాబు లేదు గానీ నాకు తోచింది ఇది. కాయని తేజా అనడం మోసం, నిజమే. కానీ కాయ తాలు అని ఒప్పుకుని, రైతు బాకీ మాత్రం షావుకారు తన ఖాతాకి మార్చుకుంటే అందులో దొంగ లెక్క ఏముంది? మా కొట్లో ఒక్కసారి చూశా అలాంటిది, రెండు వైపులా పద్దు సరిపోయింది, ఎక్కడా రూపాయి గాల్లో పోలేదు, ఎవరో ఒకరు నిజంగా పెట్టుకున్నారు అంతే. సిలువ అంటే అదే అంటాడు పౌలు. కాయ ఇంకా తాలే, అందుకే లూథర్ మనిషి ఏకకాలంలో నీతిమంతుడూ పాపీ కూడా అన్నాడు. వదిన ఇది విని "అయితే కాయ ఎప్పటికీ తాలుగానే ఉండాలా" అంది. ఉండకూడదు, అక్కడ వాళ్ళ ట్రెంట్ అడిగేదీ న్యాయమే.

తమాషా ఏంటంటే మేము ఇలా పప్పన్నం దగ్గర కొట్టుకుంటున్నాం గానీ పెద్దవాళ్ళు 1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో కూర్చుని ఇదే సిద్ధాంతం మీద ఒక ఉమ్మడి ప్రకటనకి సంతకాలు పెట్టుకున్నారు, లూథరన్లూ కాథలిక్కులూ, ఇందులో చెప్పిన మేరకు పాత శాపాలు ఒకరికొకరికి వర్తించవని. 2006లో మెథడిస్టులు, 2017లో రిఫార్మ్డ్ వాళ్ళు కూడా చేరారు. తేడాలన్నీ పోలేదు, అది అందులోనే రాసుకున్నారు. మా వీధి దాకా ఆ కబురు రాలేదు, అంతే.

పెదనాన్న సంగతికొస్తే, ఆయన చివరి వారం హాస్పిటల్లో రాత్రుళ్ళు నేనే ఉన్నా. కామెర్లతో కళ్ళు పసుపు, పొట్ట నీరు పట్టింది. ఒక రాత్రి నా చెయ్యి పట్టుకుని "నా దగ్గర ఏముందిరా చూపించడానికి" అన్నాడు. నేను ఏదో వాక్యం చెప్పబోయా, వినలేదు. "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అన్నాడు, సండే స్కూల్లో ఎప్పుడో నేర్చుకున్న మాట, లూకా 18లో సుంకరిది, పన్నులు వసూలు చేసేవాడిది. మళ్ళీ నిద్రలోకి జారిపోయాడు. ఆ కథలో ఇంకోవైపు ఉన్న నిష్ఠాపరుడు పరిసయ్యుడు వారానికి రెండుసార్లు ఉపవాసం ఉంటాడు, సంపాదనంతటిలో పదోవంతు ఇస్తాడు, ఆయన వరసలో ఒక్క గడి కూడా ఖాళీ ఉండదు. నీతిమంతుడుగా తీర్చబడి ఇంటికి వెళ్ళింది మాత్రం సుంకరే.

ఆ మాట పెదనాన్న నమ్మి అన్నాడా, మత్తులో అన్నాడా అని చాలా రోజులు బుర్ర తినేశా. అంతమాత్రం విశ్వాసం సరిపోతుందా, ఇంకొంచెం గట్టిగా ఉండాలా అని. తర్వాత నాకే సిగ్గేసింది, నేనూ క్యాలిక్యులేటర్ తీశానని అర్థమై. విశ్వాసాన్ని కూడా తూకం వేస్తే అదీ ఇంకో చందానే కదా, క్రియలు పోయి దాని గడిలో విశ్వాసం వచ్చి కూర్చుంటుంది. చెయ్యి చాపినవాడి చెయ్యి ఎంత బలంగా ఉందని కాదు, అందులో ఎవరు ఏం పెట్టారన్నదే.

ఇదంతా రాసి నిన్న వదినకి వాట్సాప్‌లో పంపా. చాలాసేపు బ్లూ టిక్కులు తప్ప ఏం రాలేదు, తర్వాత వాయిస్ మెసేజ్ పెట్టింది. బాగుంది గానీ ట్రెంట్ వాళ్ళని రెండు లైన్లలో తేల్చేశావు, అది అన్యాయం అంది. ఫిబ్రవరిలో గుణదల మాత తిరునాళ్ళకి తీసుకెళ్తా, కొండ ఎక్కుతూ మిగతాది మాట్లాడుకుందాం అంది. చివర్లో నవ్వుతూ "మెట్లు ఎక్కడం క్రియ కిందకి వస్తుందా విశ్వాసం కిందకి వస్తుందా, ఈలోపు తేల్చుకుని రా" అని పెట్టేసింది. మోకాళ్ళ నొప్పుల కింద రాసుకోమని చెప్దామనుకుంటున్నా.