ట్రిమ్మర్ బ్యాటరీలో మూడో సెల్లు

సైనిక్‌పురిలోని మా ఇంటి చుట్టూ ఉన్న గోరింట కంచెను మా నాన్నగారు నాటారు. దాన్ని నేనే కత్తిరించుకోవాలన్న పట్టుదలతో ఆరేళ్ల క్రితం 18 వోల్టుల బ్యాటరీతో నడిచే హెడ్జ్ ట్రిమ్మర్ ఒకటి, దానితోపాటు రెండు బ్యాటరీలు కొన్నాను. ఈ ఏడాది తొలకరి పడి కంచె గుబురుగా పెరిగాక యంత్రం బయటికి తీస్తే, ఒక బ్యాటరీతో రెండు నిమిషాలు నడిచి ఆగిపోయింది. కాసేపు ఆగి మీట నొక్కితే మళ్ళీ నడిచేది, నాలుగు కొమ్మలు తెగగానే మళ్ళీ ఆగేది. ఛార్జర్‌లో పెడితే మాత్రం పావుగంటలోనే పచ్చదీపం వెలిగేది.

రెండో బ్యాటరీ తగిలిస్తే యంత్రం చక్కగా నడిచింది కనుక, మోటారులో లోపం లేదని అక్కడే తేలిపోయింది. అయినా బ్లేడ్ల మీద పేరుకున్న ఆకుల జిగురును గీకి, కుట్టుమిషన్ నూనె రాశాను. బ్లేడ్లు బిగుసుకుపోతే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, అప్పుడు మంచి బ్యాటరీ కూడా ముసలిదానిలా ప్రవర్తిస్తుంది. బ్యాటరీ రాగి పలకల మీది మకిలిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పాత టూత్‌బ్రష్‌తో తుడిచాను. ఫలితం లేకపోయింది.

తర్వాత మల్టీమీటర్ పెట్టి చూస్తే 20.30 వోల్టులు చూపించింది. ఇలాంటి బ్యాటరీలో అయిదు లిథియం సెల్లులు వరుసగా కలిపి ఉంటాయి. ఒక్కో సెల్లు సగటున 3.6 వోల్టులు ఇస్తుంది కాబట్టి 18 అని రాస్తారు, పూర్తిగా నిండినప్పుడు ఒక్కొక్కటి 4.2 వంతున మొత్తం 21 దాకా వస్తుంది. ఆ లెక్కన నా బ్యాటరీ దాదాపు నిండుగా ఉన్నట్టే. ఈ అంకెను నమ్మి చాలామంది ట్రిమ్మర్‌ను రిపేరుకు ఇస్తారు. బ్యాటరీ పనిలేకుండా కూర్చున్నప్పుడు చూపించే వోల్టేజీని బట్టి దాని ఆరోగ్యం తెలియదు, బరువు మోస్తున్నప్పుడు, అంటే ఏదైనా పరికరానికి కరెంటు ఇస్తున్నప్పుడు, ఎంత చూపిస్తుందో కొలవాలి.

అందుకోసం కారు హెడ్‌లైట్‌కు వాడే 12 వోల్టుల బల్బులు రెండింటిని ఒకదాని వెంట ఒకటి కలిపి, మధ్యలో 10 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, షాబాద్ బండ మీద ఉంచి బ్యాటరీకి తగిలించాను. అవి సుమారు 4 ఆంపియర్లు లాగుతాయి, క్షణాల్లో చేయి కాలేంత వేడెక్కుతాయి కాబట్టి చుట్టూ కాగితం, గుడ్డ లాంటివి ఉండకూడదు. మంచి బ్యాటరీ 20.38 నుంచి 19.90కి దిగి అక్కడే నిలబడింది. ఆగిపోతున్న బ్యాటరీ 20.30 నుంచి 18.57కి జారింది. ట్రిమ్మర్ గట్టి కొమ్మను కోసేటప్పుడు లాగే కరెంటు ఇంతకు రెండు మూడింతలు ఉంటుంది, కనుక అప్పుడు ఎంత జారుతుందో ఊహించుకోవచ్చు.

కోఠీ గుజరాతీ గల్లీలో బ్యాటరీలు విప్పి బాగుచేసే ఒక దుకాణానికి తీసుకువెళ్లాను. ఆ దుకాణదారు నక్షత్రపు తల ఉన్న స్క్రూలు తీసి, అయిదు సెల్లులనూ విడివిడిగా బరువు మీద కొలిచి చూపించారు. నాలుగు సెల్లులు 4.07 నుంచి 3.95కి వచ్చాయి. నడుమన ఉన్న మూడోది మాత్రం 4.02 నుంచి 2.77కి పడిపోయింది. అటూ ఇటూ సెల్లుల మధ్య ఇరుక్కుని, వేడి బయటికి పోయే దారిలేక అది ముందుగా ముసలిదైపోయింది. దాని లోపలి నిరోధం, అంటే కరెంటుకు అడ్డుపడే గుణం, పెరిగింది. ఒక్క సెల్లు 2.5 వోల్టుల దరిదాపులకు దిగినా రక్షణ సర్క్యూట్ మొత్తం బ్యాటరీని ఆపేస్తుంది. ఛార్జింగ్ పావుగంటలో ముగియడానికీ ఇదే కారణం: నిరోధం ఎక్కువైన సెల్లు కరెంటు ఎక్కగానే గరిష్ఠ వోల్టేజీని తాకుతుంది, నిండకముందే నిండినట్టు కనిపిస్తుంది. త్వరగా ఛార్జ్ అవుతోందని నేను రెండు నెలలపాటు సంతోషించాను.

“ఒక్కటే మారిస్తే మల్లా నాలుగు నెలలకు ఇక్కడికే వస్తరు సార్” అన్నారాయన. కొత్త సెల్లు పక్కన పాతవి వెనకబడతాయి, అవి ఎప్పటికీ సమానంగా నిండవు. అందుకే ఒకే రకం, ఒకే సామర్థ్యం ఉన్న అయిదింటిని, నికెల్ పట్టీలను క్షణంలో అతికే స్పాట్ వెల్డింగ్‌తో అతికించి వేయించుకున్నాను. సెల్లు మీద నేరుగా సోల్డరింగ్ చేస్తే ఆ వేడికే అది లోపల దెబ్బతింటుంది.

ఇంకొక విషయం గట్టిగా చెప్పాలి. ఛార్జర్ పూర్తిగా తిరస్కరించిన బ్యాటరీకి వేరే బ్యాటరీ నుంచి తీగలు కలిపి “లేపడం” ఎవరూ చేయకండి. సెల్లు మరీ అడుగంటితే లోపలి రాగి రేకు కరుగుతుంది. ఛార్జ్ చేసినప్పుడు ఆ రాగి తిరిగి పేరుకుని లోలోపలే షార్ట్ అయి నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. ఛార్జర్ వద్దన్నదంటే వద్దన్నట్టే. అయితే ఎండలో పని చేసి వేడెక్కిన బ్యాటరీని పెట్టినా ఛార్జర్ దాన్ని తీసుకోకుండా దీపం మిణుకుతుంది. దాన్ని లోపం అనుకోకుండా, అరగంట నీడలో ఉంచి మళ్ళీ ప్రయత్నించాలి.

ఇంతకీ ఆ సెల్లును ముసలిదాన్ని చేసింది నేనే. ఆరు వేసవులపాటు నిండా ఛార్జ్ చేసి, మేడ మీది రేకుల గదిలో పెట్టాను. మే నెల మధ్యాహ్నం ఆ గదిలో థర్మామీటరు 48 డిగ్రీలు చూపించింది. వేడి, నిండు ఛార్జ్, ఈ రెండూ కలిస్తే లిథియం సెల్లు వాడకుండానే అరిగిపోతుంది. ఇప్పుడు రెండు బ్యాటరీలూ సగం ఛార్జ్‌తో కింద మెట్ల పక్క అలమరాలో ఉన్నాయి.

తీసేసిన సెల్లుల కొనలకు టేపు చుట్టి, పాత బ్యాటరీలు తిరిగి తీసుకునే చోట ఇచ్చి వచ్చాను. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాటిని ఇంటి చెత్తలో కలపకూడదు. స్వచ్ఛ ఆటోలో పడి నలిగితే మంట లేస్తుంది, ఆ బండి నడిపేవారి ప్రాణాలతో ఆట అది.

రెండు బ్యాటరీల అడుగునా తెల్ల టేపు అంటించి, తేదీ, బల్బుల మీద వచ్చిన వోల్టేజీ రాసిపెట్టాను. దసరాకు మళ్ళీ కొలవాలి.