రెండు ఎర్ర వైర్లు, ఒక బావమరిది

ఇవాళ పొద్దున లేచి వాకిట్లోకెళ్లి చూస్తే బోటులో చార్జర్ లైట్లు మూడూ పచ్చగా వెలుగుతున్నాయి. దీనికి నాకు పట్టింది మూడు వారాలు, రెండు చార్జర్లు, కాలనీ హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) నుంచి ఒక ఉత్తరం. అత్తారింటి వైపు పోయిన పరువు అదనం. మంట చల్లారకముందే రాసేస్తున్నాను.

మేముండేది డాలస్‌కి ఉత్తరాన, లూయిస్‌విల్ లేక్ దగ్గర. పోయినేడు పదిహేడడుగుల సెకండ్‌హ్యాండ్ బాస్ బోటు (చేపలు పట్టే బోటు) కొన్నాను. ఇంజన్ స్టార్ట్ చెయ్యడానికి ఒక బ్యాటరీ, ముందుండే ట్రోలింగ్ మోటారుకి, అంటే బోటుని మెల్లగా నడిపే చిన్న ఎలక్ట్రిక్ మోటారుకి, 24 వోల్టులు కావాలి కాబట్టి సిరీస్‌లో (ఒకదాని ప్లస్ ఇంకోదాని మైనస్‌కి కలిపి) ఇంకో రెండు పన్నెండు వోల్టులవి. ఆ రెండూ ఒక్కోటి ముప్పై కిలోల దాకా ఉంటాయి. బోటు పెట్టుకునే స్టోరేజ్‌లో ప్లగ్గు లేదు. వారం వారం బ్యాటరీలు ఊడదీసి ఇంటికి తెచ్చి, చార్జింగ్ పెట్టి, మళ్లీ మోసుకెళ్లేసరికి నడుం పడిపోయేది. బద్ధకించి దిగిపోయిన బ్యాటరీని అలాగే వదిలేస్తే లోపల ప్లేట్లకి సల్ఫేట్ పట్టేస్తుంది. ఒకదాన్ని అలా చంపాను కూడా. అందుకని బోటులోనే బిగించేసి, ఇంటికి తెచ్చినప్పుడు ప్లగ్గు పెడితే సరిపోయే ఆన్‌బోర్డ్ చార్జర్ కొన్నాను. మూడు బ్యాంకులు, అంటే ఒక్కో బ్యాటరీకి విడిగా ఒక్కో జత వైర్లు, ఒక్కో బ్యాంకుకి 5 ఆంపియర్లు. మరీ దిగిపోకపోతే, రాత్రి పెడితే పొద్దుటికి బ్యాటరీలు నిండుతాయి.

మొదట ఒక మెరైన్ షాపులో, అంటే బోట్లు బాగుచేసేచోట, అడిగాను. బిగించడానికి లేబర్ చార్జే చార్జర్ ధర కంటే ఎక్కువ చెప్పాడు. "నాలుగు స్క్రూలు, ఆరు వైర్లు. ఇంజనీరింగ్ చదివింది దేనికి?" అని ఇంటికొచ్చి మా ఆవిడ దగ్గర కాస్త గట్టిగానే అన్నాను.

చార్జర్ బిగించడం గంట పని. బ్యాటరీల నెత్తి మీద కాకుండా, గాలి ఆడేచోట నిలువు పలకకి బిగించాలి. పని చేసేటప్పుడు అది వేడెక్కుతుంది, బ్యాటరీల నుంచేమో హైడ్రోజన్ వస్తుంది. డ్రిల్ పెట్టేముందు పలక వెనకాల ఏముందో చూసుకుని, స్క్రూ రంధ్రాల్లో మెరైన్ సీలెంట్ పూస్తే చాలు.

వైర్ల దగ్గరే అసలు కథ. ఏ బ్యాంకు ఎరుపూ నలుపూ ఆ ఒక్క బ్యాటరీ ప్లస్, మైనస్‌లకే వెళ్లాలి. ట్రోలింగ్ బ్యాటరీలు రెంటినీ కలిపే వైరు, అదే సిరీస్ జంపర్, తియ్యనక్కర్లేదు, బ్యాంకులు దేనికవే విడిగా ఉంటాయి. మాన్యువల్లో బొమ్మ వేసి మరీ చెప్పాడు. చదివాను, అర్థమైంది కూడా.

ఇంజన్ బ్యాటరీ అయింది. ట్రోలింగ్ మొదటి బ్యాటరీ అయింది. రెండోది వెనక డెక్కు కింద మూలకి ఉంది. అక్కడ తల దూరిస్తే చెయ్యి దూరదు, చెయ్యి దూరిస్తే తల దూరదు. టార్చి నోట్లో పెట్టుకుని చూస్తే దాని రెండు టెర్మినళ్ల మీదా ఎర్ర వైర్లే! నల్ల వైరు ఉన్నది పక్క బ్యాటరీ మీద. చెమటలు కారుతున్నాయి, దవడ నొప్పి. ట్రోలింగ్ మోటారుకి వెళ్లే ఎర్ర వైరు ఏదో లాగి చూసి, దాని మీద నా ఎరుపు బిగించాను. నలుపు దగ్గరికి నలుపు అనుకుని, నా నల్ల వైరు తీసుకెళ్లి పక్క బ్యాటరీ నలుపు మీద బిగించాను. జిప్ టైలు కట్టి, ఫొటో తీసి ఆఫీసు ఫ్రెండ్స్‌కి పంపాను కూడా.

ప్లగ్గు పెడితే ఒకటి, రెండు వెలిగాయి. మూడో బ్యాంకులో ఎర్ర లైటు కొట్టుకుంటోంది. ఎర్రర్.

ప్లగ్గు తీసి మల్టీమీటరు బ్యాటరీ మీద పెడితే 12.3 వోల్టులు. కొంచెం దిగింది గానీ బాగానే ఉంది. అయితే చార్జరే పోయిందని తీర్మానించి వెనక్కి పంపాను. వారానికి కొత్తది వచ్చింది. అదే లైటు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే నలభై నిమిషాల సంగీతం తర్వాత ఒకమ్మాయి వచ్చి, మూడో బ్యాంకులో వోల్టేజ్ ఎంత అంది. 12.3 అన్నాను. అయితే చార్జర్ మార్చుకోండి అంది. మార్చాను కదా తల్లీ! ఆ అమ్మాయి అడిగింది వైర్ల దగ్గర, నేను చెప్పింది బ్యాటరీ దగ్గర. ఆ ముక్క ఇప్పుడు తెలుస్తోంది.

ఈలోపు డ్రైవ్‌వేలో బోటు ఉందని హెచ్‌ఓఏ ఉత్తరం. మా వీధి చివర స్ప్రింక్లర్ ఆరు నెలలుగా రోడ్డుకి స్నానం చేయిస్తోంది, అది మాత్రం వీళ్లకి కనపడదు. చెత్తడబ్బా ఒక్క పూట బయటుంటే చాలు, ఫొటోతో సహా పంపుతారు. సరే, వాళ్ల గురించి ఇంకోసారి.

మా బావమరిదికి విజయవాడ ఆటోనగర్‌లో లారీల కరెంటు పనుల షెడ్డు ఉంది. "ఎన్నాళ్లీ గ్రీజు బతుకు, ఏదన్నా కోర్సు చెయ్యరాదా" అని పెళ్లయిన దగ్గర్నుంచీ వాడికి చెప్తూనే ఉన్నాను. నిన్న రాత్రి తొమ్మిదింటికి, అంటే వాడికి ఆదివారం పొద్దున ఏడున్నరకి, మా ఆవిడ నన్నడక్కుండానే వీడియో కాల్ కలిపి ఫోన్ నా చేతిలో పెట్టింది.

"24 వోల్టులేగా బావగారూ? మన లారీల్లాగే రెండు పన్నెండ్లు. లోపల చూపించండి."

చూపించాను.

"ఒక ఎరుపు జంపరండీ. ఎవడో చేతికి దొరికిన వైరుతో వేసేశాడు. రంగు చూడకండి, బ్యాటరీ మీద గుర్తు చూడండి."

గుర్తు మీద మూడేళ్ల జిడ్డు. కనపడటం లేదన్నాను.

"వేళ్లతో తడమండి. లావుగా ఉన్నది ప్లస్, సన్నది మైనస్."

తడిమాను. ఎర్ర జంపర్ బిగించి ఉన్నది సన్నదానికి.

"ఇప్పుడు మీటరు బ్యాటరీ మీద కాదు, చార్జరు వైర్ల చివరున్న రెండు రింగుల మీదా పెట్టండి."

25 వోల్టులు. పన్నెండు వోల్టుల బ్యాంకుకి రెండు బ్యాటరీలూ కలిపి తగిలించాను. మూడు వారాలుగా చార్జర్ నావల్ల కాదు మొర్రో అంటుంటే దాన్నే తిట్టుకున్నాను.

వాడు నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "పోనీలెండి బావగారూ, కొత్తలో మా కుర్రాళ్లూ ఇలాగే చేస్తారు" అన్నాడు. వాడి షెడ్డులో కొత్త కుర్రాడికి పంతొమ్మిదేళ్లు. నాకు నలభై మూడు, టీమ్ లీడ్‌ని. మా ఆవిడ గోడవైపు తిరిగి నిలబడింది, భుజాలు మాత్రం కదులుతున్నాయి.

నల్ల వైరు విప్పి సన్నదాని మీదకి మార్చడానికి నాలుగు నిమిషాలు పట్టింది.

మీరెవరన్నా బిగించుకుంటే, ప్లగ్గు పెట్టేముందు ప్రతి బ్యాంకు రింగుల మీదా మీటరు పెట్టి పన్నెండు చిల్లర వస్తోందో లేదో చూసుకోండి. రెక్కల నట్లు వద్దు, అలల కుదుపుకి వదులైపోతాయి. లాక్ నట్లు వెయ్యండి. ప్లస్ వైర్ల మీదున్న ఫ్యూజులు అడ్డంగా ఉన్నాయని కొయ్యకండి. జీఎఫ్‌సీఐ సాకెట్ (కరెంటు లీకైతే తనే ఆపేసేది), మూడు పిన్నుల లావాటి ఎక్స్‌టెన్షన్ తప్పనిసరి. మెరైన్ షాపుకి వెళ్లాలా అంటే, నేను మాత్రం చచ్చినా వెళ్లను. డబ్బు గురించి కాదు, బేరమాడితే వాడు చూసిన చూపు గురించి.

జంపరుకి రెండు చివర్లా పసుపు టేపు చుట్టాను. పచ్చ లైట్ల ఫొటో ఫ్యామిలీ గ్రూపులో పెడదామని వాట్సాప్ తెరిస్తే బావమరిది స్టేటస్ కనపడింది. షెడ్డు బోర్డు ఫొటో, దాని కింద "ఇచ్చట అమెరికా బోట్లు కూడా బాగు చేయబడును". మా అత్తగారు అప్పటికే లైక్ కొట్టారట.