అయిదు చుక్కలతో సహసంబంధ గుణకం

సంఖ్యాశాస్త్రంలో తొలి పాఠాలు చదువుకున్న రోజుల్లో, రెండు కొలతలు ఒకదానితో ఒకటి ఎంతగా కలిసి నడుస్తాయో చెప్పే సహసంబంధ గుణకం నాకు ఒక పట్టికగా మాత్రమే తెలుసు. x విలువలకు ఒక నిలువు వరుస, y విలువలకు ఒకటి, వర్గాలకు రెండు, లబ్ధానికి ఒకటి, అడుగున మొత్తాలు. ఆ మొత్తాలను సూత్రంలో వేసి దశాంశ స్థానాలు సరిచూసుకుంటే లెక్క పూర్తయ్యేది. వచ్చిన సంఖ్య దేనిని కొలుస్తోందో మాత్రం చాలాకాలం బోధపడలేదు. ఒక రోజు గ్రాఫు కాగితం మీద అయిదు చుక్కలు పెట్టి, వాటి మధ్య రెండు గీతలు గీసుకున్నాకే ఆ సూత్రం ఎందుకు ఆ రూపంలో ఉందో కనిపించింది. పటం గీయకుండా గుణకాన్ని అర్థం చేసుకోవడం సాధ్యం కాదన్న అభిప్రాయం నాకు అప్పటి నుంచే ఏర్పడింది.

ఇలాంటి చుక్కల పటాన్ని స్కాటర్‌ప్లాట్ అంటారు. అందులో ఒక్కో చుక్క ఒక్కో వ్యక్తికో వస్తువుకో చెందినది. ఆ ఒక్కరి దగ్గరే తీసుకున్న రెండు కొలతలలో ఒకటి చుక్క అడ్డంగా ఎక్కడ ఉండాలో, మరొకటి నిలువుగా ఎక్కడ ఉండాలో నిర్ణయిస్తుంది. అసలు సమాచారమంతా ఈ జంటలోనే ఉంటుంది. రెండు వరుసలనూ విడివిడిగా ఆరోహణ క్రమంలో పేర్చి చూడండి: సగటులు మారవు, విస్తరణలు (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయన్నది) మారవు, కానీ ఎవరి కొలత ఎవరి పక్కన చేరిందో తెలియని, నిజానికి ఎక్కడా లేని ఒక గట్టి సంబంధం పటం మీద పుట్టుకొస్తుంది.

ఇక ఆ అయిదు చుక్కలు ఇవి: (1, 2), (2, 4), (3, 5), (4, 4), (5, 5). x సగటు 3, y సగటు 4. x = 3 దగ్గర ఒక నిలువు గీత, y = 4 దగ్గర ఒక అడ్డగీత గీస్తే పటం నాలుగు గదులుగా విడిపోతుంది. కుడివైపు పై గదిలో ఉన్న చుక్కకు రెండు విచలనాలూ (సగటు నుంచి ఉన్న తేడాలు) ధనాత్మకం. ఎడమవైపు కింది గదిలో రెండూ ఋణాత్మకం. కాబట్టి ఈ రెండు గదులలోనూ విచలనాల లబ్ధం ధనాత్మకమే. మిగిలిన రెండు గదులలో ఒక విచలనం ధనం, మరొకటి ఋణం అవుతుంది కనుక లబ్ధం ఋణాత్మకం. ఇప్పుడు మన చుక్కలను చూద్దాం. (1, 2) నుంచి (−2) × (−2) = 4 వస్తుంది; (5, 5) నుంచి 2 × 1 = 2 వస్తుంది; మిగిలిన మూడు చుక్కలూ సరిగ్గా గీతల మీదే ఉన్నాయి కనుక వాటి నుంచి వచ్చేది సున్న. మొత్తం 6. అయిదు చుక్కలున్నా సంబంధం ఎటువైపు మొగ్గుతోందో తేల్చినవి చివర్లలో ఉన్న రెండే. పట్టిక వేసినన్నాళ్లూ ఈ సంగతి నా కంటపడలేదు.

అయితే ఈ 6 ఒక్కటే చాలదు. x ను సెంటీమీటర్ల నుంచి మీటర్లకు మార్చితే అది నూరోవంతుకు పడిపోతుంది. అందుకే x విచలనాల వర్గాల మొత్తం 10, y విచలనాల వర్గాల మొత్తం 6, ఈ రెండింటి లబ్ధానికి వర్గమూలం తీసి, దానితో భాగిస్తాం. √60 సుమారు 7.75, 6 ను దానితో భాగిస్తే 0.77 వస్తుంది. ప్రమాణాలు మారితే లవం ఎంత మారుతుందో హారమూ అంతే మారుతుంది కాబట్టి గుణకం కదలదు. అది ఎప్పుడూ −1 కూ 1 కీ మధ్యనే ఉంటుంది.

ఈ ఆలోచనకు మూలం బ్రిటిష్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ 1888లో చేసిన పనిలో ఉంది. మనుషుల ఎత్తునూ, మోచేతి నుంచి వేలికొన వరకు ఉండే పొడవునూ, అంటే మన మూరనూ, ఆయన పోల్చారు. ఒక్కో కొలతనూ దాని సొంత విస్తరణ ప్రమాణంలో వ్యక్తం చేస్తే, ఎత్తు నుంచి మూరను అంచనా వేసినా, మూర నుంచి ఎత్తును అంచనా వేసినా రేఖ వాలు ఒకటే అవుతుందని ఆయన గమనించారు. ఆ వాలే సహసంబంధ గుణకం; ఆ రెండు కొలతలకు అది సుమారు 0.8. మనం ఇప్పుడు వాడే సూత్రానికి 1896లో రూపమిచ్చినవారు సంఖ్యాశాస్త్రవేత్త కార్ల్ పియర్సన్.

ఇక్కడే చాలామంది తడబడతారు. మామూలు ప్రమాణాలలో వాలు వేరు, గుణకం వేరు. మన చుక్కలకు సరిపోయే, అంటే వాటికి వీలైనంత దగ్గరగా సాగే, రేఖ వాలు 6/10, అంటే 0.6. y విలువలన్నిటినీ రెట్టింపు చేస్తే రేఖ నిటారుగా లేచి వాలు 1.2 అవుతుంది, గుణకం మాత్రం 0.77 దగ్గరే ఉంటుంది. రేఖ ఎంత నిటారుగా ఉందన్నది కాక, చుక్కలు రేఖను ఎంత దగ్గరగా అంటిపెట్టుకున్నాయన్నదే అది చెబుతుంది. అలాగే 0.77 అంటే 77 శాతం కాదు. y లోని హెచ్చుతగ్గులలో రేఖ వివరించగలిగిన వాటా కావాలంటే గుణకాన్ని వర్గం చేయాలి: 36/60, అంటే 60 శాతం. (ఇది వాలు 0.6 తో సమానం కావడం ఈ అయిదు చుక్కల విషయంలో కాకతాళీయమే.)

రేఖ అనే మాటను వదిలేస్తే గుణకం దారి తప్పిస్తుంది. x విలువలు −2, −1, 0, 1, 2. y విలువలు వాటి వర్గాలు. y పూర్తిగా x మీదే ఆధారపడి ఉంది, అయినా గుణకం సున్న, ఎందుకంటే ఎడమ సగంలోని లబ్ధాలను కుడి సగంలోనివి సరిగ్గా రద్దు చేస్తాయి. 1973లో సంఖ్యాశాస్త్రవేత్త ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ ఇంకా ముందుకు వెళ్లి, ఒక్కోదానిలో 11 బిందువులున్న నాలుగు దత్తాంశాలను తయారు చేశారు. నాలుగింటిలోనూ x సగటు 9, y సగటు 7.5, గుణకం సుమారు 0.816, సరిపోయే రేఖ y = 3 + 0.5x. గీసి చూస్తే మొదటిది మామూలు చుక్కల గుంపు. రెండోది నున్నటి వక్రరేఖ. మూడోది సరళరేఖ మీద వరుసగా నిలిచిన చుక్కలు, దూరంగా ఎగసిన ఒక్క చుక్క. నాలుగోదానిలో పది బిందువులు x = 8 దగ్గర ఒకదానిపై ఒకటి నిలువుగా ఉంటాయి; x = 19 దగ్గరున్న పదకొండోది తీసేస్తే గుణకాన్ని లెక్కించడమే కుదరదు. తరగతి గదిలో సూత్రం కంటే ముందు ఈ నాలుగు పటాలూ చూపించాలని నేను గట్టిగా నమ్ముతాను.

సహసంబంధం కారణాన్ని నిరూపించదన్న హెచ్చరిక అందరికీ తెలిసినదే. పిల్లల పాదాల పొడవుకూ చదివే నైపుణ్యానికీ పటం గీస్తే చుక్కలు పైకి సాగుతాయి. ఒక్కో వయసుకు ఒక్కో రంగు వేస్తే, అలా సాగడానికి అసలు కారణం వయసేనని తెలుస్తుంది.

ఆ అయిదు చుక్కలను మొదటిసారి కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడు చివరి జంటలో y విలువ 5 కు బదులు 0 అని కొట్టాను. వచ్చిన గుణకం −0.32. సంఖ్యను మాత్రమే చూస్తే అదొక బలహీనమైన వ్యతిరేక సహసంబంధం, అనుమానించడానికి అందులో ఏమీ లేదు. పటం తెరిస్తే నాలుగు చుక్కలు పైన ఒకచోట ఉన్నాయి, అయిదోది కుడివైపు అడుగున, x అక్షం మీద ఒంటరిగా పడి ఉంది.