గెలాక్సీలకి కూడా ‘ఇక్కడి వాతావరణం’ గోలేనంట

మా డాలస్‌లో నలుగురు తెలుగువాళ్ళు కలిస్తే పిల్లల టాపిక్ చివరికి ఒక్కచోటికే వస్తుంది, “ఏం చేస్తామండీ, ఇక్కడి వాతావరణం అలాంటిది” అని. పిల్ల తెలుగులో పలక్కపోయినా వాతావరణమే, గోంగూర పక్కకి తోసేసినా వాతావరణమే. ఎయిత్ గ్రేడ్ చదివే మా పాప సైన్స్ ప్రాజెక్టుకి తీసుకున్న టాపిక్ ఏంటంటే, చుట్టూ ఉన్న వాతావరణాన్ని బట్టి గెలాక్సీలు ఎలా మారతాయి అని. పైన కూడా ఇదే గోలా అని నవ్వొచ్చింది నాకు.

1980లో అలాన్ డ్రెస్లర్ అనే ఖగోళ శాస్త్రవేత్త 55 గెలాక్సీ క్లస్టర్లు, అంటే వందలకొద్దీ గెలాక్సీలున్న గుంపులు చూసి లెక్క తీశాడంట. గుంపు ఎంత చిక్కగా ఉంటే మన పాలపుంత లాంటి స్పైరల్ గెలాక్సీలు అంత తక్కువ, కొత్త నక్షత్రాలు పుట్టడం ఆగిపోయి ఎర్రబడ్డవి అంత ఎక్కువ. కోమా క్లస్టర్‌లో వెయ్యికి పైగా గెలాక్సీలుంటే మధ్యలో ఉన్నవి దాదాపు అన్నీ ఆ టైపే.

ఎందుకంటే క్లస్టర్‌లో గెలాక్సీల మధ్య కోట్ల డిగ్రీల వేడి గ్యాస్ నిండి ఉంటుంది, కొత్తగా వచ్చే గెలాక్సీ అందులోకి సెకనుకి దాదాపు వెయ్యి కిలోమీటర్ల స్పీడుతో దూసుకొస్తే, బైక్ మీద చున్నీ ఎగిరినట్టు దాని గ్యాసంతా వెనక్కి ఎగిరిపోతుంది, నక్షత్రాలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. “అంటే పుట్టినవి సేఫే, ఇక పుట్టాల్సినవే డౌటు” అన్నా. “అమ్మా, నువ్వు నా తెలుగు గురించే ఆలోచిస్తున్నావ్ కదా” అంది, ఇంగ్లీషులో!

నన్ను పట్టుకున్నది మాత్రం ఇంకోటి. 2015లో నేచర్ అనే సైన్స్ జర్నల్లో వచ్చిన పేపర్ అంట, 26 వేల గెలాక్సీల్లో లోహాల లెక్క చూశారు (నక్షత్రాల్లో తయారయ్యే, హీలియం కంటే బరువైన మూలకాలన్నిటినీ వీళ్ళు లోహాలే అంటారు). నక్షత్రాలు పుట్టడం ఆగిపోయిన గెలాక్సీల్లో లోహాలు ఎక్కువున్నాయి, అంటే ఎక్కువ వాటిల్లో గ్యాస్ ఒక్కసారిగా ఊడ్చుకుపోలేదు, బయటి నుంచి కొత్తది రావడం ఆగింది, లోపలున్నదాంతోనే నక్షత్రాలు పుట్టిస్తూ పుట్టిస్తూ దాదాపు 400 కోట్ల ఏళ్ళకి ఖాళీ అయ్యాయి. మా ఇంట్లో తెలుగు అచ్చం ఇంతే. అమ్మ ఇండియా వెళ్ళిపోయాక కొత్త మాట ఒక్కటి రాలేదు, తిన్నావా, స్నానం చేశావా, ఫోన్ పక్కన పెట్టు, ఇవే తిప్పి తిప్పి.

అలా ఎగిరిపోయిన గ్యాస్ అంతా వేస్టు కూడా కాదంట. జేఓ201 అని ఒక గెలాక్సీ ఉంది, ఏబెల్ 85 క్లస్టర్‌లోకి పడుతోంది, వెనకాల జెల్లీఫిష్‌లా తోకలు. ఆ తోకల్లో కూడా కొత్త నక్షత్రాలు పుడుతున్నాయని మన ఇస్రో ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌లోని అల్ట్రావయొలెట్ టెలిస్కోప్ చూపించింది. అది 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి వెళ్ళింది, మాది సూళ్ళూరుపేట, అక్కడి రాకెట్ కేంద్రం షార్ పక్కనే! పాప వెంటనే అమ్మమ్మకి వీడియో కాల్ చేసి “అమ్మమ్మా, ఆ రాకెట్ నువ్వు చూశావా” అని అడిగింది. “డాబా ఎక్కితే అన్నీ కనపడతాయి, ఏది ఏదో ఎవరికి గుర్తుంటుంది తల్లీ” అంది అమ్మ. అక్కడి నుంచి ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు, సగం తప్పుల తెలుగే అనుకోండి.

ఇంకో పాయింట్‌కి మా ఆయన రెచ్చిపోయారు. చాలా గెలాక్సీలు పెద్ద క్లస్టర్‌లో పడకముందే, చిన్న చిన్న గ్రూపుల్లో ఉన్నప్పుడే సగం మారిపోయి ఉంటాయంట. “మనమూ అంతేగా, అమీర్‌పేట హాస్టల్లోనే మారిపోయి వచ్చాం, తప్పంతా అమెరికా మీద తోస్తున్నాం” అన్నారు. పైగా బాగా బరువున్న గెలాక్సీ అయితే చుట్టూ ఎవరున్నా లేకపోయినా దానంతటదే నక్షత్రాలు పుట్టించడం ఆపేస్తుందట, అది విన్నాక ఇంక ఆయన్ని పట్టలేం. ఆదివారం తెలుగు క్లాస్ మానిపించేద్దాం అంటారు. నేనొప్పుకోలేదు, అమ్మని మళ్ళీ ఒక ఆరు నెలలు పిలిపిద్దాం అన్నా. టికెట్లు చూడమంటే అమ్మేమో ఆవకాయ పెట్టకుండా కదిలేది లేదంటోంది.