రోహిణి కార్తెను తట్టుకునే తోట

వింజమూరు దగ్గర మెట్ట పల్లెలో మేము ఇల్లు కట్టుకుని తొమ్మిదేళ్లయింది. మొత్తం పదకొండు సెంట్ల స్థలం. ఇల్లు పోగా ఆరు సెంట్లు చెట్లకు మిగిలాయి. పైన అడుగున్నర ఎర్రమట్టి, దాని కింద గడ్డపారకు కూడా లొంగని మొరం. కాలువ నీటి ఆధారం లేదు, ఉన్నదల్లా ఒక బోరు. కొత్తగా ఇల్లు కట్టుకుంటున్న బంధువులు, నా పాత విద్యార్థులు వచ్చినప్పుడు మా కానుగ కింద కూర్చుని, తమ ఇంట్లో ఏ మొక్కలు పెట్టుకోవాలో చెప్పమని తరచుగా అడుగుతున్నారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకంటే, నేను నష్టపోయి నేర్చుకున్న వాటితో సహా అన్నీ ఒకచోట రాసిపెట్టడం మేలనిపించింది.

మొక్క పేరు అడిగే ముందు మన వాన సంగతి ఆలోచించాలి. నెల్లూరు జిల్లాకు నైరుతి కంటే ఈశాన్య ఋతుపవనాలే పెద్ద దిక్కు. ఏడాది మొత్తం మీద పడే వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడిపోతుంది. సంక్రాంతి దాటాక మళ్లీ గట్టి వాన చూడాలంటే నెలల తరబడి ఎదురు చూడవలసిందే. పైగా తక్కిన రాష్ట్రమంతా తొలకరి కోసం సిద్ధమయ్యే జూన్‌లో మనకు వెలిగొండల మీదుగా పడమటి గాలి దిగుతుంది. ఆ గాలి ముఖానికి పొయ్యి సెగలా తగులుతుంది. అందువల్ల తొలకరిలో మొక్కలు నాటమనే సలహా గోదావరి జిల్లాలకు ఎంత మంచిదైనా, మన మెట్టకు సరిపోదు. మనం నాటవలసిన కాలం చిత్త, స్వాతి కార్తెలు. అప్పుడు నాటిన మొక్కకు రెండు నెలల పాటు నేల తడిగా ఉంటుంది, ఆ తర్వాత చలికాలం తోడుంటుంది, ఎండలు ముదిరే లోపల వేరు కిందికి దిగడానికి కనీసం ఐదు నెలల వ్యవధి దొరుకుతుంది.

ఈ సంగతి తెలియక నేను మొదటి ఏడాది జూన్ నెలలో ఒక నర్సరీ నుంచి రెండు సంపెంగ మొక్కలు, ఆరు గులాబీలు తెచ్చి నాటాను. పూటపూటకూ నీళ్లు పోశాను. సంపెంగ ఆకులు అంచుల నుంచి లోపలికి మాడుతూ వచ్చి, ఇరవై రోజుల్లో కాడలు ఎండిపోయాయి. నీళ్లు చాలలేదనుకుని ఇంకా ఎక్కువ పోసేసరికి పాదులో మట్టి మీద తెల్లగా, ఉప్పు చల్లినట్టు పొర కట్టింది. వేలితో గీరి నాలుకకు తాకిస్తే నిజంగా ఉప్పగానే ఉంది. మా బోరు నీటిని పరీక్ష చేయించినప్పుడు ఉప్పు ఎక్కువని తేలింది. అంటే ఎండ ఒక్కటే ఆ మొక్కలను చంపలేదు, నేను ప్రేమగా పోసిన నీరే వాటి వేళ్ల దగ్గర ఉప్పును పోగుచేసింది. అందుకే తోట వేసుకోదలచిన వారు మొదట చేయవలసిన ఖర్చు నీటి పరీక్షకే అని నా గట్టి అభిప్రాయం.

ఆ గుంతలు పూడ్చడానికి వచ్చిన ముసలాయన ఒకమాట అన్నాడు. "అయ్యోరూ, చెట్టు పెట్టాలనుకున్న కాడ రోహిణి కార్తెలో మజ్జాన్నం మూడింటికి ఒక గంటసేపు మీరు నిలబడి చూడండి. ఆ తర్వాత చెట్టు పేరు మీకే తెలుస్తది." మరుసటి ఏడు నేను ఆ మాట ప్రకారమే చేశాను. అప్పటిదాకా వీధి వైపు అందం కోసం చెట్లు పెట్టాలనుకున్నవాణ్ణి, ఇంటికి అసలు బాధ పడమటి గోడ నుంచేనని ఆ గంటలో తెలుసుకున్నాను. సాయంత్రం ఐదింటిదాకా ఎండ ఆ గోడనే కొడుతుంది, రాత్రి పదింటికి చేయి ఆనించినా గోడ వేడిగానే ఉంటుంది.

ఆ పడమటి వైపుకు ఏ చెట్టు కావాలి? ఎండాకాలంలో ఆకు నిండుగా ఉండే చెట్టు కావాలి. ఈ ఒక్క షరతు పెడితే చాలా పేర్లు వాటంతట అవే తప్పుకుంటాయి. నా లెక్కలో కానుగకు సాటి వచ్చేది లేదు. మాఘ, ఫాల్గుణ మాసాల్లో పాత ఆకు రాల్చేసి, చైత్రం వచ్చేసరికి లేత చిగురు తొడిగి, వైశాఖంలో మనకు నీడ అవసరమైన సరిగ్గా ఆ రోజులకు ముదురాకుపచ్చ గొడుగు పట్టి నిలబడుతుంది. ఆ చిగురు మీద పొద్దుటెండ పడినప్పుడు ఆకులకు నూనె రాసినట్టుంటుంది. ఉప్పు నీటిని ఓర్చుకుంటుంది, మొరంలోకి వేరు దింపుతుంది, చిక్కుడు జాతిది కనుక తన వేళ్ల దగ్గర నత్రజనిని కూడా నిలుపుకుంటుంది. మా తాతల కాలంలో కానుగ రొట్ట మళ్లలో తొక్కేవారంటే ఊరికే కాదు. ఆకుల మీద బొబ్బల్లాంటి బుడిపెలు రావడం చూసి కొందరు భయపడతారు. అది ఆకుల మీద బతికే చిన్న నల్లుల వల్ల వచ్చేది (మంచంలో నల్లులు కావు), చెట్టుకు ప్రాణహాని ఏమీ లేదు. పడమటి గోడకు పన్నెండు అడుగుల దూరంలో మూడు కానుగలు నాటాను. ఆరో ఏటికి నీడ గోడంతా కప్పింది. ఇప్పుడు మా పడమటి గదిలో మే నెలలో కూడా మధ్యాహ్నం పడుకోవచ్చు.

వేప గురించి కొత్తగా చెప్పేదేముంది? ఉగాది పచ్చడికి పువ్వు కోసం పొరుగింటికి వెళ్లనక్కరలేకుండా పెరట్లో ఒకటి ఉండాలి, అంతే. ఐతే అది పెద్ద వృక్షం. గోడకు, నీటి తొట్టికి పదిహేను అడుగులైనా ఎడంగా పెట్టుకోవాలి. ఉసిరి, సీతాఫలం, మారేడు కూడా మన ఎర్రనేలకు అలవాటు పడినవే. సీతాఫలం ఎండాకాలంలో ఆకు రాల్చి మోడులా నిలబడితే చచ్చిపోయిందనుకుని పీకేసినవారిని నేను చూశాను. అది నీటిని ఆదా చేసుకునే దాని పద్ధతి, వానకు మళ్లీ చిగురిస్తుంది.

పూల చెట్లలో అందరూ మొదట అడిగేది తురాయి. మడగాస్కర్ నుంచి వచ్చిన ఆ చెట్టు పూసినప్పుడు కళ్లు తిప్పుకోలేమన్నది నిజమే, కానీ దాని కొమ్మ పెళుసు, వేరు పైపైనే పాకుతుంది. తుపానుల జిల్లాలో ఉంటూ ఇంటి పక్కన తురాయి పెట్టుకోవడం మంచిది కాదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు మా వీధి చివర తురాయి సగానికి చీలి కరెంటు తీగల మీద పడింది. మా కానుగలకు చిన్న రెమ్మలు విరగడం తప్ప ఏమీ కాలేదు. తురాయికి బదులు రేల పెట్టుకోండి. ఏప్రిల్, మే నెలల్లో ఆకు దాదాపు రాల్చేసి, మూరెడు పొడవున పసుపు గుత్తులు వేలాడదీస్తుంది. కాకపోతే అప్పుడు నీడ ఉండదు కనుక దాన్ని తూర్పు వైపో, ఉత్తరం వైపో పెట్టాలి. నిదానంగా ఎదిగినా ఫరవాలేదనుకునేవారికి పొగడ ఉంది. ఏడాది పొడవునా ఆకు నిలుస్తుంది, తెల్లవారేసరికి చెట్టు కింద చిన్న చక్రాల్లాంటి పూలు రాలి ఉంటాయి, ఎండిపోయాక కూడా వాటి వాసన పోదు. ఈ మధ్య త్వరగా పెరుగుతుందని ప్రతి లేఅవుట్‌లోనూ నాటుతున్న కోనోకార్పస్ జోలికి మాత్రం వెళ్లవద్దు. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడం నిషేధించింది. మన పక్షులకూ, తేనెటీగలకూ దానివల్ల ఒరిగేది పెద్దగా లేదు.

చిన్న పూల మొక్కల్లో కాగితపు పూల తీగకు నీళ్లు తగ్గిస్తేనే పూలు ఎక్కువ. రోజూ తడిపితే ఆకు మాత్రమే పెరుగుతుంది. మా గేటు మీది తీగకు నేను ఎండాకాలంలో పది రోజులకొకసారి నీళ్లు పెడతాను, అది ఆకు కనబడకుండా పూస్తుంది. దేవగన్నేరు తన కాండంలోనే నీరు దాచుకుంటుంది. కొమ్మ విరిచి వారం రోజులు నీడలో ఉంచి, పాలు ఆరిపోయాక పాతితే బతుకుతుంది, వెంటనే పాతితే కుళ్లుతుంది. ఎర్ర గన్నేరు, పచ్చ గన్నేరు ఎండకూ ఉప్పుకూ దేనికీ జంకవు, మేకలు మూతి పెట్టవు. కానీ వాటిలో ప్రతి భాగమూ విషమే, పసిపిల్లలున్న ఇంట్లో వద్దు. కంచె కోసమైతే తంగేడు వేసుకోండి. అది మన పొరంబోకుల్లో తనంతట తాను పెరిగేదే, ఏడాదిలో ఎక్కువ కాలం పసుపు పూలతో ఉంటుంది, పశువులు తినవు. ఇంత ఎండలో పచ్చగడ్డి లాన్ పెంచాలన్న కోరిక మానుకోవడం మంచిది.

మల్లె లేని ఇల్లు మా ఇంటావిడ ఒప్పుకోదు. మల్లెకు బోరు నీరు సరిపడదు కనుక బియ్యం కడిగిన నీళ్లు, వానాకాలంలో డాబా మీద నుంచి తొట్టిలోకి పట్టుకున్న నీళ్లు దానికే కేటాయించాము. పుష్య మాసంలో నీరు ఆపి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, మాఘంలో ఎరువు వేసి తడి పెడితే ఉగాదికి మొగ్గ తొడుగుతుంది. ఆరు మల్లె మొక్కలకే ఆ నీరు చాలుతుంది, ఏడోది పెట్టలేదు.

నాటే పద్ధతి విషయంలో శ్రమ అంతా గుంతలోనే ఉంది. పెద్ద చెట్టుకు మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు తవ్వించాలి. మొరం తగలగానే కూలీలు రెండడుగుల దగ్గర ఆపేస్తారు, అక్కడ ఒప్పుకోవద్దు. గుంతను ఎండాకాలంలోనే తవ్వించి ఎండనిచ్చి, పైమట్టి, మాగిన పశువుల ఎరువు, రెండు దోసిళ్ల వేపపిండి కలిపి నింపాలి. మొరం మళ్లీ లోపలికి పోకూడదు. గోదావరి ప్రాంతంలోని కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కలు నీరు పుష్కలంగా ఉన్న చోట పెరిగినవి కనుక, తెచ్చిన వెంటనే నాటకుండా మూడు వారాలు చెట్టు నీడన ఉంచి, నీరు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ అలవాటు చేయాలి. ఎత్తుగా ఉన్న మొక్క కంటే జానెడు, మూరెడు మొక్కే మేలు. పెద్ద మొక్క వేళ్లు సంచిలో చుట్టలు చుట్టుకుని ఉంటాయి. నాటాక పాదులో నాలుగు వేళ్ల మందాన వేరుశనగ పొట్టు పరిస్తే తడి ఆరదు. మొదటి రెండు ఎండాకాలాలూ రోజూ చెంబెడు పోసేకంటే వారానికి రెండుసార్లు రెండు బిందెలు పోయాలి. నీరు లోతుకు దిగితేనే వేరు దాని వెంట దిగుతుంది, ఉప్పు కూడా పైన పేరుకోకుండా కిందికి పోతుంది.

ఈ ఏడు ఉత్తరం వైపు సందులో రేల పెట్టాలని నిర్ణయించుకున్నాము. ఉదయగిరి దారిలో ఒక చెట్టు కింద రాలిన కాయలు తెచ్చి, గింజలను గరుకు రాతి మీద పైపొర అరిగేదాకా రుద్ది, ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి సంచుల్లో వేశాను. రుద్దకుండా వేసిన పదింటిలో ఒక్కటీ మొలవలేదు. రుద్దినవి పన్నెండు వేస్తే తొమ్మిది లేచాయి. ఇప్పుడవి వేప నీడన జానెడు ఎత్తు ఉన్నాయి. స్వాతి కార్తెలో రెండు మేము నాటుకుంటాము, మిగిలిన ఏడు గుంత తవ్వి సిద్ధంగా ఉంచుకున్నవారికి ఇస్తాను.