కొత్త కిల్ట్ సంబరం ఎన్నాళ్ళు?

కిల్ట్, అంటే స్కాట్లాండ్ మగవాళ్ళు నడుము నుంచి మోకాళ్ళ దాకా చుట్టుకునే కుచ్చిళ్ళ బట్ట, కుట్టించుకున్నానని చెప్పగానే మనవాళ్ళు ముందు అడిగేది "ఎంతైంది?" అని. ఆ వెంటనే, "ఎన్నిసార్లు వేస్తావులే, ఈ మోజు తీరేదాకా కదా" అంటారు. మొదటి ప్రశ్నకి జవాబు సులువు. చేత్తో కుట్టిన 8 గజాల ఉన్ని కిల్ట్ కావాలంటే స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరాలో ఐదారు వందల పౌండ్లకి తక్కువ కాదు. కోటు, ముందు వేలాడే తోలు సంచీ స్పోరన్, మేజోళ్ళు, బూట్లు కూడా కొనాలంటే ఖర్చు ఇంకా చాలా పెరుగుతుంది. రెండో మాటకి మాత్రం ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను. ఆ సంబరం నాకు ఒక్కసారిగా రాలేదు, ఒక్కసారిగా పోలేదు కూడా.

మాది తెనాలి. ఉద్యోగరీత్యా ఎడిన్‌బరాలో ఉంటున్నాను. ఆఫీసులో నా పక్క సీటు కుర్రాడు తన పెళ్ళికి పిలుస్తూ, కిల్ట్‌లో వస్తే బాగుంటుందన్నాడు. ఇక్కడ పెళ్ళిళ్ళకి మగవాళ్ళు చాలామంది కిల్ట్ అద్దెకి తెచ్చుకుంటారు. నేనూ తెచ్చుకున్నాను. సాయంత్రమంతా సరదాగా గడిచింది. సోమవారం అద్దె షాపు కౌంటర్ మీద సంచీ పెట్టి వచ్చేశాక ఆ బట్ట నాకు మళ్ళీ గుర్తుకు రాలేదు. గుర్తుండిపోయింది పెళ్ళికొడుకు తాతగారి కిల్ట్. తన పెళ్ళికి కుట్టించుకున్నదట. నడుము మారినప్పుడల్లా బకిల్స్ జరిపించుకుంటూ దాన్నే వేసుకుంటున్నారు. అంచు దగ్గర ఉన్ని కాస్త పలచబడింది కానీ కుచ్చిళ్ళు ఒక్కటి కూడా చెదరలేదు. ఆయన లేచి నడుస్తుంటే వెనక అవి విచ్చుకుని మళ్ళీ వాటంతటవే సర్దుకుంటున్నాయి. కుట్టించుకుంటే అలాంటిదే కుట్టించుకోవాలని ఆ రోజే అనుకున్నాను.

అసలు టెన్షన్ టార్టన్ దగ్గర మొదలైంది. టార్టన్ అంటే కిల్ట్ కుట్టే గళ్ళ బట్ట, అందులో ఒక్కో అల్లికకి ఒక్కో పేరుంటుంది. చాలావాటికి వంశాల పేర్లే ఉంటాయి. నాకు ఇక్కడ వంశమా పాడా, ఏది వేసుకుంటే ఎవరేమంటారో అని బెరుకుగా ఉండేది. ఫలానా టార్టన్ ఫలానావాళ్ళే వేసుకోవాలనే చట్టమేమీ లేదని, ఎవరైనా వేసుకోదగ్గవి కొన్ని ఎప్పటినుంచో ఉన్నాయని నా కిల్ట్ కుట్టే ఆవిడ చెప్పాక నిమ్మళించాను. టార్టన్లకి ప్రభుత్వ రిజిస్టర్ కూడా ఉంది. 2008లో చట్టం చేశారు, 2009 నుంచి నడుస్తోంది. ఆన్‌లైన్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు. రాత్రి భోజనమయ్యాక అందులో తిరగడం నాకు అలవాటైపోయింది. సింగ్ పేరుతో ఒక టార్టన్ కనబడ్డప్పుడు, స్కాట్లాండ్ సిక్కులు మనకంటే ముందే ఈ దారిలో నడిచారని ఎంత సంతోషమేసిందో.

ఆవిడ ముందుగా చూపించింది బ్లాక్ వాచ్. ముదురు నీలం, ఆకుపచ్చ, నలుపు. చూడటానికి హుందాగా ఉంటుంది, ఎవరికైనా నప్పుతుంది. కానీ అది ఆ పేరుతోనే ఉన్న స్కాట్లాండ్ పటాలం బట్ట. 1746లో బ్రిటిష్ పార్లమెంటు స్కాట్లాండ్‌లో మగవాళ్ళు ఈ దుస్తులు వేసుకోకూడదని చట్టం చేసినప్పుడు సైన్యానికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. 1782లో ఆ చట్టాన్ని ఎత్తేసేదాకా కిల్ట్ ముఖ్యంగా సైనికుల ఒంటి మీదే బతికింది. అక్కడిదాకా నాకు బాగానే ఉంది. అయితే ఆ బ్లాక్ వాచ్ పటాలమే 1857-58లో కాన్పూరులో, లక్నోలో మనవాళ్ళ మీద యుద్ధం చేసింది. బట్ట మీద నాకేం కోపం లేదు, నా ఒంటి మీద మాత్రం వద్దనిపించింది. అదే మాట ఆవిడతో అన్నాను. ఆవిడ కాసేపు ఆగి, "అర్థమైంది" అని ఆ థాను మడతపెట్టి, ఇంకోటి తీశారు. హంటింగ్ స్టూవర్ట్. ఆకుపచ్చ నేల, నీలం నలుపు పట్టీలు, మధ్యలో సన్నటి ఎరుపు గీత, పసుపు గీత. ఇదీ ఎవరైనా వేసుకునేదే. చేత్తో పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. వెలుతురులో ఆ పసుపు గీత పైకి తేలింది. ఇదే అన్నాను.

తర్వాత బరువు. గజానికి 13 ఔన్సులు తూగే బట్టా, 16 ఔన్సులదా అని అడిగారు. తేలికదాంట్లో ఎండాకాలం సుఖంగా ఉంటుంది. బరువుదైతే మడత నిలుస్తుంది, నడిచినప్పుడు ఊపు బాగుంటుంది, ఈ ఊరి గాలికి లేవదు. లీత్ వాక్ అనే ఇక్కడి వీధిలో నవంబరులో నడిచిన ఎవరికైనా ఏది తీసుకోవాలో వేరే చెప్పక్కర్లేదు.

కొలతల దగ్గర కొత్త సంగతి ఒకటి తెలిసింది. ప్యాంటు సైజు ఇక్కడ పనికిరాదు. ప్యాంటు తుంటి మీద నిలిస్తే, కిల్ట్ బొడ్డు దగ్గర నిలుస్తుంది. పొట్ట లోపలికి లాగకుండా మామూలుగా ఊపిరి పీల్చమన్నారు. నడుము, పిరుదులు, బొడ్డు నుంచి మోకాలి చిప్ప దాకా పొడవు, అంతే. కుచ్చిళ్ళు ఎలా వేయాలని కూడా అడిగారు. ప్రతి మడత మీదా ఒకే గీత వచ్చేలా వేయడం ఒక పద్ధతి, పటాలాలవాళ్ళది ఎక్కువగా అదే. మడతలు పడ్డాక కూడా ముందువైపు కనిపించే గళ్ళే వెనకవైపూ తెగకుండా కొనసాగేలా వేయడం ఇంకో పద్ధతి. నేను రెండోది అడిగాను.

రెండు మూడు నెలలు పడుతుందన్నారు. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే, సంబరం బాగా ముదిరింది ఆ రోజుల్లోనే. బస్సులో, రోడ్డు మీద, ఎక్కడ కిల్ట్ కనబడినా ముందు వెనకవైపు చూసేవాణ్ణి, కుచ్చిళ్ళు ఎలా వేశారో అని. ఉండబట్టలేక మధ్యలో ఒకసారి అడిగితే, వచ్చి చూడమన్నారు.

బల్ల మీద నా బట్ట సగం కుట్టుతో పరిచి ఉంది. కుచ్చిళ్ళని నడుము నుంచి పిరుదుల దాకా మాత్రమే కుడతారు, దాని కింద వదిలేస్తారు. ఆ కుట్టిన భాగంలోనే పనితనమంతా ఉంది. పిరుదుల దగ్గర మడత వెడల్పుగా మొదలై, నడుము దగ్గరికి వచ్చేసరికి సన్నబడాలి. అలా సన్నబడుతున్నా గళ్ళు ఒకదానికొకటి కలవాలి. ఆవిడ సూది బట్ట అంచులో నుంచి తీసి, పక్క మడతలో ఒకటి రెండు పోగులు మాత్రమే పట్టుకుని, బయటికి కనబడకుండా లాగుతున్నారు. పసుపు గీత ఒక మడత మీద నుంచి పక్క మడత మీదికి వెళ్ళే చోట వేలితో తడిమాను. అతుకు చేతికి తగిలింది కానీ కంటికి కనబడలేదు. లోపలివైపు గుర్రపు వెంట్రుకల కాన్వాసు వేసి గట్టి చేస్తారట, నడుము దగ్గర బిగువు నిలవడానికి. ఇన్ని గంటల చేతిపని చూశాక ధర గురించి నాకు మళ్ళీ ఆలోచన రాలేదు.

ఇంటికి తెచ్చుకున్నప్పుడు కుచ్చిళ్ళు చెదరకుండా అడుగున తెల్లదారంతో పచ్చికుట్లు వేసి ఉన్నాయి. వేసుకునే ముందు అవి విప్పాలి. చిన్న కత్తెరతో ఒక్కొక్క కుట్టే తెంపుతూ, దారం మెల్లగా లాగుతూ కూర్చున్నాను. ముందు మేజోళ్ళు, బూట్లు వేసుకోవాలి. కిల్ట్ బిగించాక వంగడం కష్టం. లోపలి పొర పట్టీని ఎడమవైపు చీలికలో నుంచి బయటికి తీసి బకిల్ పెట్టాలి, పైపొర కుడివైపుకి వచ్చాక అక్కడి పట్టీలు బిగించాలి. పిన్ను పైపొరకి మాత్రమే. రెండు పొరలకీ కలిపి గుచ్చితే బట్ట లాగేస్తుంది, చిరిగినా చిరగొచ్చు.

అలంకారమంతా అయ్యాక అమ్మకి వీడియో కాల్ చేశాను. ఆవిడ చూసి ముందు అన్న మాట, "అదేంట్రా, కుచ్చిళ్ళు వెనక్కి పెట్టారు?" అని. వెనక్కి తిరిగి చూపించాను. "నాన్నగారి పంచె కుచ్చిళ్ళు కూడా ఇంత పొందిగ్గా ఉండవు. ఎవర్రా కుట్టింది?" అంది.

మొదటిసారి బయటికి వేసుకెళ్ళింది నవంబరు 30న, స్కాట్లాండ్ జాతీయ దినం సెయింట్ ఆండ్రూస్ డే కేలీకి. కేలీ అంటే జతలు జతలుగా హాలంతా తిరిగే ఇక్కడి నాట్యాల సాయంత్రం. స్ట్రిప్ ద విల్లో అని ఒకటుంది. వరసలో ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని గిర్రున తిరుగుతూ చివరిదాకా పోవాలి. అద్దె కిల్ట్‌లోనూ ఆ నాట్యం చేశాను. ఇందులో తేడా ఏంటంటే, నేను ఆగినా కుచ్చిళ్ళు ఇంకో అర చుట్టు తిరిగి వచ్చి కాళ్ళకి తగులుతాయి. 16 ఔన్సులు ఎందుకో అప్పుడు అర్థమైంది. జనవరి 25న, స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్ పుట్టినరోజు విందుకి మళ్ళీ వేసుకున్నాను. వీధిలో టూరిస్టులు ఫోటో అడిగితే ఆగి మరీ నిలబడేవాణ్ణి. అందరూ చూస్తుంటే బాగుండేది, కాదనను.

చలికాలం వెళ్ళేసరికి ఆ హుషారు సగం పోయింది. వేసుకోవాలంటే సందర్భం రావాలి, సందర్భం వస్తే కోటు, స్పోరన్, మేజోళ్ళలో దోపుకునే చిన్న కత్తి, ఈ హంగులన్నీ సర్దుకోవాలి. కిల్ట్ బీరువాలో క్లిప్పులకి వేలాడుతోంది. మనవాళ్ళు చెప్పిందే నిజమవుతుందేమో అని దిగులేసింది.

దాన్ని మళ్ళీ బయటికి తీయించింది మర్రేఫీల్డ్‌లో రగ్బీ మ్యాచ్. స్టేడియానికి పోయే దారిలో వందల మంది కిల్ట్‌లు. ఒక్కడికీ కోటు లేదు, బిళ్ళల స్పోరన్ లేదు. పాత స్వెటరు, బురద బూట్లు, కిందికి జారిన మందపాటి మేజోళ్ళు. ఒకాయన కిల్ట్ మీద రెయిన్‌కోటు వేసుకుని చిప్స్ తింటున్నాడు. నేనూ స్వెటరుతో వెళ్ళాను. ఎవరూ నావైపు తిరిగి చూడలేదు. వాన పడింది, ఉన్ని పైపైనే తడిసింది, లోపల వెచ్చగానే ఉంది. ఆ రోజు నుంచి ఆదివారం సరుకులకి, కొండ మీద నడకకి కూడా అదే. కూర్చునేటప్పుడు వెనక చెయ్యి పెట్టి కుచ్చిళ్ళు సర్దుకోవడం ఇప్పుడు గుర్తుపెట్టుకుని చేసే పని కాదు.

దీనికి చాకిరీ ఉంది, అదీ చెప్పాలి. వాషింగ్ మెషీన్‌లో వేయకూడదు. తడిస్తే హీటర్ దగ్గర పెట్టకుండా గాలికే ఆరనివ్వాలి. మరక పడితే అక్కడి వరకే తడిబట్టతో తుడవాలి. ఉన్ని కాబట్టి చిమ్మట పురుగు భయం ఎప్పుడూ ఉంటుంది. దాచే ముందు దులిపి, బ్రష్ చేసి పెడతాను. ఇవన్నీ చేస్తుంటే విసుగు రాదు, నాకే ఆశ్చర్యంగా ఉంటుంది.

సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు అమ్మ తెమ్మందని తీసుకెళ్ళాను. కత్తి చెకిన్ లగేజీలో పెట్టాలి, చేతి సంచీలో ఒప్పుకోరు. అమ్మ ఇన్నేళ్ళు జాకెట్లు కుట్టిన మనిషి. కళ్ళజోడు పెట్టుకుని, కిల్ట్ తిరగేసి, లోపలి కుట్లు చాలాసేపు చూసింది. "మిషన్ మీద ఇది రాదు" అని, కుట్టినావిడ వయసెంతని అడిగింది. నాన్న మాత్రం ధర దగ్గరే ఆగిపోయారు.

మా టీములోకి కొత్తగా వచ్చిన విజయవాడ అబ్బాయి ఒకడు కుట్టించుకుంటానంటున్నాడు. ఎన్నాళ్ళుంటుంది అన్నా ఈ సంబరం అని వాడూ అడిగాడు. జనం చూసే సంబరమైతే ఒక్క చలికాలం ఉంటుందని చెప్పాను. తర్వాత దాన్ని వానలో వేసుకోమన్నాను, స్వెటరుతో వేసుకోమన్నాను. బట్ట మాత్రం 16 ఔన్సులే తీసుకోమన్నాను.